ఒకే ఇంటి పిల్లల్ని మూడు బళ్లకు చెదరగొట్టకండి

ఒడిశా సరిహద్దు జిల్లాల విద్యాశాఖ అధికారులకు, హైస్కూలు కమిటీల సభ్యులకు, మన తెలుగు సంఘాల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఒడిశాలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే రైలు దారిలో, ఒడిశా వైపున్న ఒక ఊళ్లో, హైస్కూలు గేటుకు ఎదురుగా జిరాక్స్ కొట్టు నడుపుకుంటున్నాను. ఊరి పేరు, బడి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే సంగతి పక్కకు పోయి ఒక్క హెడ్మాస్టరు నెత్తిన పడుతుంది. ఆయన చేయగలిగింది ఆయన చేశారు. పైగా ఇది మా ఒక్క ఊరి గొడవ కాదు. తెలుగు సెక్షన్లున్న పక్క ఊళ్ల నుంచి మా కొట్టుకు వచ్చేవాళ్లూ ఇదే కథ చెబుతున్నారు.

మా బడి తెలుగు సెక్షన్ గురించి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాం. మొదటిది సోమవారం గ్రీవెన్స్‌లో చేతికిచ్చాం, ముద్ర వేసి పుచ్చుకున్నారు. రెండోదానికి "పరిశీలనలో ఉంది" అన్నారు. మూడోది ఆన్‌లైన్‌లో పంపితే ఫోనుకు ఒక నంబరు వచ్చింది. ఏడాది దాటింది. నంబరు అలాగే ఉంది, జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చూసేలా రాస్తున్నాను.

విషయం రెండు ముక్కల్లో చెబుతాను. మా బడిలో తెలుగు మాస్టారు రిటైరై నాలుగేళ్లయింది. ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. పిల్లలు తగ్గిపోయారు. ఇప్పుడు, పిల్లలు తగ్గారు కాబట్టి తెలుగు సెక్షన్‌ను తొమ్మిది కిలోమీటర్ల అవతలి బడిలో కలిపేస్తారని చెబుతున్నారు. కాగితం ఎవరూ చూపించలేదు, అంతా నోటిమాటే. దాణా వేయడం మానేసి, పాలు తగ్గాయని గేదెను సంతకు తోలుకెళ్లినట్టుంది వ్యవహారం.

సెక్షన్ అంటే ఫైల్లో ఒక వరుస. ఇంట్లో అదేమిటో చెప్పడానికి మా ఇంటి సంగతే చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

మేము అయిదుగురం. అప్ప (మా వైపు అక్కను అలాగే అంటాం), అన్నయ్య, నేను, చెల్లి, తమ్ముడు. అప్ప 1981లో ఎనిమిదో తరగతిలో చేరింది. తమ్ముడు 1995లో మెట్రిక్ (పదో తరగతి) పాసై బయటికొచ్చాడు. మధ్యలో ఒక్క ఏడాది తప్ప ఆ పద్నాలుగేళ్లూ మా ఇంటి నుంచి ఎవరో ఒకరు ఆ గేటులోంచి లోపలికి వెళ్తూనే ఉన్నారు. నాన్న రైసు మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. అమ్మకు సంతకం మాత్రమే వచ్చు. అయినా మా ఇంట్లో ఎవరికీ ట్యూషన్ లేదు. అప్ప అన్నయ్యకు చెప్పేది, అన్నయ్య నాకు చెప్పేవాడు, నేను చెల్లిని ఏడిపించి చెప్పేవాణ్ణి. తమ్ముడికి నలుగురు మాస్టార్లు.

ఒక ఉత్పలమాల పద్యం సంగతి చెప్పకుండా ఉండలేను. అప్ప తన తెలుగు వాచకంలో ఆ పద్యం మొదటి పాదం మీద పెన్సిలుతో గురు లఘువులు గుర్తు పెట్టుకుంది, గురువుకు గిన్నె, లఘువుకు నిలువు గీత. ఒకచోట జంటాక్షరం ముందున్న అక్షరానికి గిన్నె పెట్టాల్సింది గీత పెట్టేసింది. ఆ పుస్తకం అన్నయ్యకొచ్చింది. వాడూ అదే తప్పు రాసి అర మార్కు పోగొట్టుకున్నాడు. నేనూ అంతే. మధ్యలో వాచకం మారింది గానీ ఆ పద్యం మారలేదు. చెల్లి అప్ప పాత పుస్తకం తీసి, అందులోని గుర్తులన్నీ శ్రద్ధగా కొత్తదాంట్లోకి దింపుకుంది, తప్పుతో సహా. చివరికి తమ్ముడు పరీక్ష రాశాక మాస్టారు వాణ్ణి బల్ల దగ్గరికి పిలిచి, "ఇది నీ తప్పు కాదురా, మీ అప్పది. పదకొండేళ్ల నుంచి దిద్దుతున్నాను" అని నవ్వి, ఆ అర మార్కు ఇచ్చేశారట. మా నలుగురికీ అది ఇప్పటికీ కడుపుమంటే.

మా ఇంటి తప్పు ఏదో గుర్తుపట్టగల మాస్టారు ఆ బడిలో ఉండేవారు. మేం అయిదుగురం ఒకే బడికి, ఒకే సెక్షన్‌కు వెళ్లబట్టి ఆయన గుర్తుపట్టగలిగారు. అన్నయ్య బడి ఎగ్గొట్టిన రోజున సాయంత్రానికల్లా నాన్నకు తెలిసిపోయేది. అప్ప లెక్కల్లో బాగా చేసేది కాబట్టి నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టారు, అందులో నా గొప్పేమీ లేదు. ఫీజు ఆలస్యమైతే "వాళ్లింటి నుంచి ఎక్కడికి పోతుంది, మిల్లు జీతాలు ఇవ్వగానే తెస్తారు" అని గుమాస్తా ఆగేవాడు. ఇవేవీ ఏ జీవోలోనూ రాసి ఉండవు.

ఇప్పుడు మా తమ్ముడి పిల్లల సంగతి. ముగ్గురు. పెద్దమ్మాయి మా బడిలోనే తెలుగు మొదటి భాషగా మెట్రిక్ రాసింది. ఆఖరి ఏడాది మాస్టారు లేరు. నా కొట్లో కూర్చుని పాత ప్రశ్నపత్రాలు చూసుకుంటూ చదివింది. రెండోవాడు ఎనిమిదికి వచ్చేసరికి తమ్ముడు భయపడి, సరిహద్దు దాటించి ఆంధ్రాలో తెలుగు మీడియం హైస్కూల్లో వేశాడు. మూడోదాన్ని అంత దూరం పంపలేక, ఊళ్లోనే ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో చేర్చారు. మా పెదనాన్న మనవడు, ఆ పక్కింట్లోనే ఉంటాడు, మా పాత బడిలోనే ఒడియా సెక్షన్లో చదువుతున్నాడు.

మొన్న రాత్రి కరెంటు పోతే వీళ్లందరూ ఒక్క ఇన్వర్టరు లైటు కింద చేరారు. పాఠం ఒకటే, ఆకులు ఎండతో ఆహారం తయారు చేసుకునే పాఠం. ఒకడు కిరణజన్య సంయోగక్రియ అంటాడు. ఒకడు ఆలోకశ్లేషణ అంటాడు. చిన్నది ఫొటోసింథసిస్ అంటుంది. పెద్దమ్మాయికి పాఠం వచ్చు, కానీ ముగ్గురికీ చెప్పడానికి మూడు భాషల మాటలు రావాలి. కాసేపు ప్రయత్నించి, "మీ మీ గైడ్లు చూసుకోండి" అని లేచి వెళ్లిపోయింది. నేను అక్కడే మంచం మీద ఉన్నాను. అయిదుగురు పిల్లలకు ఒక్క రూపాయి ట్యూషన్ లేకుండా గడిచిన ఇంట్లో, ఇప్పుడు ముగ్గురికి మూడు ట్యూషన్లు.

దీనివల్ల మామూలు కుటుంబాల మీద ఏం పడుతోందో వరుసగా రాస్తాను. ఇవన్నీ నా కొట్లోకి వచ్చే కాగితాల్లో, వాటితో పాటు వచ్చే తల్లుల మాటల్లో చూసినవి.

1. ఒక ఇంటి పిల్లలు రెండు రాష్ట్రాల వాళ్లయిపోతున్నారు. ఇది మీకు అతిశయోక్తిగా అనిపిస్తే రెండు రూల్సూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆంధ్రాలో కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకే. రాజ్యాంగంలోని 371డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, స్థానికుడు కావాలంటే మామూలుగా అక్కడ వరుసగా నాలుగేళ్లు చదివి ఉండాలి. ఇటు ఒడిశాలో సర్కారు ఉద్యోగానికి మిడిల్ స్కూల్ స్థాయిలోనైనా ఒడియా పాసై ఉండాలి. ఇప్పుడు మా తమ్ముడి పిల్లల్నే తీసుకోండి. పెద్దది ఆంధ్రాకు నాన్‌లోకల్. రెండోవాడు అక్కడే నాలుగేళ్లు పూర్తి చేస్తే అక్కడ లోకల్ అవుతాడు, కానీ ఇంటి అడ్రసు, రేషన్ కార్డు ఇక్కడివి కాబట్టి, అవి అడిగే అక్కడి పథకాలు వాడికి రావు. ఒకే కంచంలో తిన్న అక్కాతమ్ముళ్లు. రేపు ఇద్దరూ ఒకే కోర్సుకు అప్లై చేస్తే ఒకరు లోకల్, ఒకరు నాన్‌లోకల్. వాళ్ల నాన్న ఒకరోజు నా కొట్లో రెండు ఫారాలూ పట్టుకుని, "అన్నయ్యా, నేనెవరి తాలూకు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు లెండి.

2. ముందు ఆగిపోయేది ఆడపిల్ల. బడి వీధి చివరుంటే అన్నతో పాటు చెల్లి, అక్కతో పాటు తమ్ముడు వెళ్తారు. తల్లికి టెన్షన్ ఉండదు. అదే బడి తొమ్మిది కిలోమీటర్లు జరిగితే మగపిల్లాణ్ణి బస్సెక్కిస్తారు, ఆడపిల్లను "చూద్దాంలే" అంటారు. ఆ చూద్దాంలే ఏడాది దాటితే పెళ్లి మాటలు మొదలవుతాయి. మా అప్ప మెట్రిక్ దాకా చదివిందంటే కారణం ఆవిడ తెలివి ఒక్కటే కాదు, బడి మా వీధిలో ఉండటం. ఈ సంగతి అప్పే చెబుతుంది, తెలివి మాట మాత్రం ఒప్పుకోదు. పోయినేడు మా కొట్లో టీసీ జిరాక్స్ తీయించుకున్న ఒక తల్లి రెండు కాపీలు కొడుకువి అడిగింది. కూతురుది వద్దంది. "దానికిప్పుడు దేనికి బాబూ" అంది. నేను ఊరికే ఒక కాపీ తీసి ఇచ్చాను. మడిచి కొంగున ముడేసుకుంది.

3. ఖర్చు. ఒకే బడైతే పెద్దవాడి పుస్తకాలు, పెద్దవాడి యూనిఫాం, పెద్దవాడి గైడ్లు చిన్నవాడికి దిగుతాయి. మూడు బళ్లయితే మూడూ కొత్తవే. రెండు సిలబస్‌లు, రెండు బోర్డులు, మూడు టైంటేబుళ్లు. ఒకరి దసరా సెలవులు ఇంకొకరికి ఉండవు. అమ్మమ్మ గారింటికి వెళ్లాలన్నా ముగ్గురి సెలవులు కలిసే రోజు వెతుక్కోవాలి. తెల్లవారి లేచిన దగ్గర్నుంచి మూడు టైములకు మూడు క్యారియర్లు కట్టే ఆవిడ మా మరదలు. ఈ లేఖ రాస్తానంటే ఆవిడ ఒక్కటే చెప్పింది, "బావగారూ, చదువు మాట తర్వాత రాయండి, ముందు నా నిద్ర సంగతి రాయండి."

4. పుస్తకాలు. తెలుగు పాఠ్యపుస్తకాలు ఆలస్యంగా వస్తాయి, ఒక్కోసారి చాలినన్ని రావు. అప్పుడు ఒక్క కాపీ తెచ్చి నా దగ్గర జిరాక్స్ తీయించుకుంటారు. బొమ్మలన్నీ నల్లగా వస్తాయి. జీవశాస్త్రంలో గుండె బొమ్మ చూపించి ఇదేంటంటే పిల్లలు బంగాళాదుంప అన్నారు. నాకిది వ్యాపారమే, కాదనను. పుస్తకాలు టైముకొస్తే నాకే నష్టం. అయినా రాస్తున్నాను.

5. కటక్‌లోని మాధ్యమిక శిక్షా బోర్డు మెట్రిక్ పరీక్షలో మొదటి భాషగా తెలుగు పేపరు ఉంది. అంటే పరీక్ష పెట్టేవాళ్లున్నారు. దిద్దేవాళ్లున్నారు. చెప్పేవాళ్లే లేరు.

ఇక మీరు చెప్పే కారణాలకు వస్తాను. మా అర్జీలకు రాతపూర్వకంగా జవాబు రాలేదు గానీ బల్ల దగ్గర నోటితో మూడు మాటలు చెప్పారు.

మొదటిది, "స్ట్రెంత్ లేదు." భాషా అల్పసంఖ్యాకుల విషయంలో రాష్ట్రాలన్నీ కలిసి ఒప్పుకున్న లెక్కలు ఉన్నాయి. ప్రాథమిక స్థాయిలో బడి మొత్తం మీద 40 మంది గానీ, తరగతిలో 10 మంది గానీ ఉంటే మాతృభాషలో చెప్పాలి. హైస్కూలు స్థాయిలో పై నాలుగు తరగతుల్లో కలిపి 60, ఒక్కో తరగతిలో 15. ఆ లెక్క కట్టడానికి పద్ధతి కూడా అందులోనే ఉంది. బడి సంవత్సరం మొదలవ్వకముందే ఎవరెవరికి ఏ భాష కావాలో పేర్లు నమోదు చేసుకోవాలి, ఒక బడిలో చాలకపోతే పక్క బళ్ల పిల్లలతో సర్దాలి. మా దగ్గర జరిగేది దీనికి తలకిందులు. టీచరు లేడని తెలిసిన తల్లిదండ్రులు ముందే టీసీలు తీసుకుని పోతారు. వాళ్లంతా పోయాక మిగిలినవాళ్లను లెక్కపెట్టి స్ట్రెంత్ లేదంటారు. ముందు పేర్లు రాయించుకోండి, తర్వాత లెక్కపెట్టండి. అప్పుడు నిజంగానే పదిహేను మంది రాకపోతే నేనే వచ్చి మీకు క్షమాపణ చెబుతాను.

రెండోది, "హైస్కూలుకు చట్టం లేదు." ఇందులో సగం నిజం. రాజ్యాంగంలోని 350ఎ మాతృభాషలో చదువు గురించి చెప్పింది ప్రాథమిక దశకే. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిది, పది దాని పరిధిలోకి రావు. ఒప్పుకుంటాను. కానీ ఎనిమిదో తరగతి మా హైస్కూల్లోనే ఉంది కదా! ఆ చట్టంలోని 29వ సెక్షన్, వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటోంది. ఆరు నుంచి ఎనిమిది దాకా చదివే పిల్లలకు బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం కనీసం అయిదు వరకు, వీలైతే ఎనిమిది వరకు ఇంటి భాషలో చెప్పమంది. ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి తొమ్మిది కిలోమీటర్లు పంపడం ఈ మూడింట్లో దేనికి సరిపోతుందో ఒక్క కాగితం మీద రాసివ్వండి. లామినేషన్ నేను ఫ్రీగా చేసిస్తాను.

మూడోది ఎవరూ పైకి గట్టిగా అనరు గానీ ధ్వని అదే. "ఒడిశాలో ఉంటూ ఒడియా చదువుకోవచ్చుగా?" దీనికి కొంచెం నిదానంగా జవాబు చెప్పాలి.

ఒడియా మాకు పరాయి భాష కాదు. నా కొట్లో బాకీల పుస్తకం సగం ఒడియాలో ఉంటుంది. మా అన్నయ్య కోడలు ఒడియా పిల్ల, దాల్మా (పప్పు, కూరగాయలు కలిపి వండే ఒడియా వంటకం) చేసిందంటే వీధంతా గిన్నెలు పట్టుకొస్తుంది. ఆ బడిలో మా ప్రార్థన ఒడియాలోనే జరిగేది, ఆటలు రెండు భాషల్లో, బూతులు మూడు భాషల్లో. మా పిల్లలకు ఒడియా బాగా నేర్పమని మేమే అడుగుతున్నాం, కింద డిమాండ్లలో చూడండి. మేం వద్దంటున్నది ఒకటి నేర్పడానికి రెండోదాన్ని తీసేయడం.

ఈ బాధ ఏమిటో ఒడియా పెద్దలకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఒడియా అసలు ప్రత్యేక భాషే కాదని 1870 ప్రాంతంలో కొందరు వాదించినప్పుడు ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి లాంటివాళ్లు నిలబడి పోరాడారు. బరంపురం, పర్లాకిమిడి, జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, మా పిల్లల చదువు మా భాషలో కావాలని ఇక్కడి ఒడియాలు మొరపెట్టుకున్నారు. అప్పుడు పెత్తనం మా తెలుగువాళ్ల చేతిలో ఉండేది, దాచడమెందుకు. 1936 ఏప్రిల్ 1న భాష ప్రాతిపదికన ఒడిశా ఏర్పడింది. ఆంధ్రరాష్ట్రం వచ్చింది ఆ తర్వాత పదిహేడేళ్లకు, 1953లో. పిల్లల చదువు సొంత భాషలో ఉండాలన్న వాదన మీద పుట్టిన రాష్ట్రానికి మేం ఆ వాదనే వినిపిస్తున్నాం.

మరో సంగతి కూడా ఇదే గడ్డ మీద జరిగింది. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు, సవర గిరిజన పిల్లలకు తెలుగు నేర్పించి ఊరుకోలేదు. తానే సవర నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాసి, వాళ్లకు బళ్లు నడిపారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఆయన ఫోటోకు దండ వేస్తాం. దండలు ఎక్కువై ఆ ఫోటో పాడైతే మళ్లీ లామినేషన్ చేయించడానికి నా దగ్గరికే వస్తారు.

అందుకే ఇక్కడ మన తెలుగు సంఘాల పెద్దలకూ ఒక మాట. ఉగాది కవి సమ్మేళనాలకు నేనూ చందా ఇస్తున్నాను, వద్దనడం లేదు. కానీ వేదిక మీద తెలుగు కోసం కంటతడి పెట్టిన వాళ్లలో ఎంతమంది పిల్లలు ఆ తెలుగు సెక్షన్లో ఉన్నారు? నన్ను అడిగితే నేనూ తలదించుకోవాల్సిందే. నా కొడుకును విశాఖపట్నం హాస్టల్లో ఇంగ్లీషు మీడియంలో వేశాను. నా స్తోమతకు అది కుదిరింది. మిల్లు కూలీకి, తోపుడుబండి వాడికి, ఇళ్లల్లో పనిచేసే ఆవిడకు కుదరదు. సెక్షన్‌లో మిగిలింది వాళ్ల పిల్లలే. నాలాంటివాళ్లం వెళ్లిపోబట్టే అడిగే నోరు తగ్గింది. అది నా తప్పు కూడా.

ఇక మేం కోరేవి.

1. తెలుగు టీచరు పోస్టు అడ్మిషన్లు మొదలయ్యేలోపు భర్తీ చేయాలి. రెగ్యులర్ నియామకానికి టైము పడుతుందంటే అప్పటిదాకా గెస్ట్ టీచర్ని పెట్టండి. తెలుగు ఎమ్మే చేసి, బీఈడీ ఉండి, మెడికల్ షాపులో కూర్చున్న ఇద్దరు అమ్మాయిలు మా వీధిలోనే ఉన్నారు.

2. సెక్షన్ కలిపివేత మీద ఏ నిర్ణయమైనా కాగితం మీద ఉండాలి, ఆ కాగితం బడి నోటీసు బోర్డు మీద తెలుగులో, ఒడియాలో ఉండాలి. తల్లిదండ్రులతో మీటింగు పెట్టకుండా ఒక్క బెంచీ కూడా కదపకూడదు. మీటింగు పని రోజు పదకొండు గంటలకు పెట్టకండి, కూలికెళ్లేవాళ్లు రాలేరు. ఆదివారం పెట్టండి.

3. బడి మొదలవ్వడానికి మూడు నెలల ముందే ఎవరికి తెలుగు కావాలో పేర్లు నమోదు చేయాలి. ఆ రిజిస్టరు అడిగినవాళ్లకు చూపించాలి.

4. అన్న గానీ అక్క గానీ చదువుతున్న బడిలో, వాళ్లు చదివిన సెక్షన్లో తమ్ముడికి, చెల్లికి ముందు సీటు ఇవ్వాలి. ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా పిల్లల్ని వేరే బడికి మార్చాల్సి వస్తే ఒక ఇంటి పిల్లల్ని విడదీయకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు. అడ్మిషన్ ఫారంలో "ఇదే బడిలో చదువుతున్న, చదివిన తోబుట్టువులు" అని ఒక గడి పెట్టండి చాలు. మా ఇంటికైతే అయిదు పేర్లు పట్టేంత గడి కావాలి.

5. తెలుగు పుస్తకాలు బడి తెరిచిన వారంలో పిల్లల చేతిలో ఉండాలి.

6. తెలుగు సెక్షన్ పిల్లలకు ఒడియా నేర్పే టీచరు వేరుగా, గట్టిగా ఉండాలి. ఒడియా రాక రేపు ఇక్కడే ఉద్యోగానికి పనికిరాకుండా పోకూడదు.

7. సరిహద్దు అవతల ఉన్న ఆంధ్రా అధికారులకు కూడా ఒక మనవి. ఒడిశాలో తెలుగు మొదటి భాషగా మెట్రిక్ పాసైన పిల్లల్ని కాలేజీ అడ్మిషన్లలో ఏ లెక్కలోకి తీసుకుంటారో తేల్చి చెప్పండి. మా దగ్గరికి తెలుగు సభలకు అతిథులుగా వచ్చినప్పుడు కాదు, మీ అడ్మిషన్ నోటిఫికేషన్లో చెప్పండి.

ఈ లేఖకు ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. రాకపోతే తల్లిదండ్రులందరం కలిసి, ఢిల్లీలోని భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు ఈ ఫైలు మొత్తం పంపుతాం. అర్జీలు, ముద్ర పడ్డ కాపీ, ఆ నంబరు, అన్నీ. రాజ్యాంగంలోని 350బి కింద ఆ పదవి ఉన్నది ఇలాంటివి వినడానికే. మీ మీద చాడీ చెప్పడానికి కాదు ఇది. దిగువన పని జరిగితే పైకెందుకు వెళ్తాం.

మా తెలుగు మాస్టారు రిటైరయ్యాక కూడా రోజూ సాయంత్రం నా కొట్టు బల్ల మీద కూర్చుంటారు. ఈ లేఖ చిత్తుప్రతి ఆయనకు చూపించాను. రెండు చోట్ల గిన్నె పెట్టాల్సింది గీత పెట్టావన్నట్టు చూసి, పెన్సిలు అడిగి దిద్దారు. "గెస్ట్ టీచరు వచ్చేదాకా నేను ఊరికే వచ్చి చెబుతానని రాయి" అన్నారు. ఇది మూడోసారి ఆయన ఈ మాట చెప్పడం. మొదటి రెండుసార్లూ ఆఫీసువాళ్లు "రూల్స్ ఒప్పుకోవు" అన్నారు.

కొత్త అడ్మిషన్ ఫారాలు నిన్ననే నా కొట్టుకు వచ్చాయి. ఇప్పటికి నలుగురు తల్లులు తీసుకెళ్లి నింపి తెచ్చారు. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ అన్నీ రాశారు. "మొదటి భాష" అన్న గడి దగ్గర నలుగురూ ఖాళీ వదిలేశారు. టీచరు సంగతి తేలాక రాస్తామని ఫారాలు నా సొరుగులో పెట్టమన్నారు.

ఇట్లు,
మీ బడి ఎదురు జిరాక్స్ కొట్టువాడు
1989 మెట్రిక్ బ్యాచ్, తెలుగు సెక్షన్